చేయి చాచడం, చేయి కలపడం



నా చిన్నప్పుడు మా పక్కింట్లో ఒక ముసలావిడ ఉండేది. దీపాలు పెట్టే వేళకు ఆవిడ చిన్న గిన్నె ఒకటి పట్టుకొని మా గడపలో నిలబడేది. "అమ్మణ్ణీ, చారెడు కందిబేడలుంటే చేబదులియ్యి" అనేది. మా అమ్మ ఇచ్చేది. రెండు మూడు రోజులకు ఆవిడ అదే గిన్నెలో, కొలతకు కొంచెం పైనే పోసి, తిరిగి తెచ్చిచ్చేది. దానికి కాగితం లేదు, వడ్డీ లేదు, సాక్షి లేడు. చేబదులంటే అంతే. ఒక చేతి నుంచి మరో చేతికి పోతుంది, మళ్ళీ చేతికే తిరిగి వస్తుంది.

మా అమ్మ మాత్రం తన జన్మలో ఒక్కనాడూ ఆవిడ గడప ముందు గిన్నె పట్టుకొని నిలబడలేదు. ఇంట్లో ఉప్పు నిండుకుంటే ఆ పూట ఉప్పులేని సంగటి తిన్నాం గాని పక్కింటికి పోలేదు. "ఒకరి ముందర చెయ్యి చాపేది మన ఇంటా వంటా లేదు" అనేది అమ్మ. ఆ మాట వింటూ పెరిగాను. అందులో గొప్పతనం ఉందనుకున్నాను. కొంత ఉంది కూడా. అయితే ఆ గొప్పతనానికి నేను కట్టిన ధర ఏమిటో, నా బదులు ఇంకొకరు కట్టిన ధర ఏమిటో ఈరోజు మీకు మనవి చేసుకుంటాను. నేను బళ్ళారి జిల్లాలో, ఆంధ్రా సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక పల్లెలో ప్రభుత్వ బడి పంతులమ్మను. పై తరగతులకు పాఠాలు చెబుతాను. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఈ ప్రసంగం వింటున్న మీలో చాలామంది బతుకూ ఇంతే కదా.

మా అమ్మ నియమం గాలిలోంచి రాలేదు. మా తాత ఆడబిడ్డ పెళ్ళికి రెండెకరాల నల్లరేగడి కుదువ పెట్టి అప్పు చేశాడట. వేలిముద్ర వేసిన కాగితంలో ఏమి రాసి ఉందో ఆయనకు తెలియదు. పొలం మళ్ళీ చేతికి రాలేదు. ఆ గాయానికి కట్టిన కట్టే మా అమ్మ నియమం. ఆమెకు చేబదులూ అప్పూ ఒకటే అయిపోయాయి. కందిబేడలు అడిగినా పొలం పోతుందన్నంత భయం. పేదల ఇళ్ళలో ఇలాంటి భయాలు చాలా ఉంటాయి. వాటిని చూసి నవ్వకూడదు. ఇప్పటికీ మా పల్లెల నుంచి కూలికి వలసపోయేవాళ్ళు మేస్త్రీ దగ్గర ముందుగా అడ్వాన్సు తీసుకొని, ఆ అడ్వాన్సు తీరేదాకా అతను చెప్పిన చోటికల్లా పోవలసి వస్తుంది. అటువంటి సాయం అడగకపోవడమే మంచిది. నేను చెప్పబోయేది ఆ సాయం గురించి కాదు.

నాకు రెండో కారణం ఒకటుంది. అది సరిహద్దు కారణం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్ళాయి. మిగిలినవి మైసూరు రాష్ట్రంలో కలిశాయి. గీత గీసినవాళ్ళు గీత గీశారు గాని, ఇళ్ళలో మాట మారలేదు. నేను ఒకటో తరగతిలో చేరేనాటికి నాకు వచ్చిన కన్నడం అంగడి కన్నడమే. మా మాస్టరు మొదటి రోజు అందరితో, "గొత్తాగదిద్దరె కేళి" అన్నారు. అంటే, తెలియకపోతే అడగండి అని. కన్నడంలో 'కేళు' అంటే వినడమూ అవుతుంది, అడగడమూ అవుతుంది. నాకు వినడం ఒక్కటే తెలుసు. తెలియకపోతే వినమంటున్నారనుకొని, చేతులు కట్టుకొని ఒక సంవత్సరమంతా బుద్ధిగా విన్నాను! ఒక్క ప్రశ్నా అడగలేదు. చాలా నెమ్మదైన పిల్ల అని పేరు కూడా వచ్చింది.

తమాషాకు చెప్పినా, ఆ ఒక్క సంవత్సరంలో నాకు ఒక విద్య పట్టుబడింది. తెలియనితనం బయటపడకుండా ఉండే విద్య. పక్క పిల్ల పలక చూసి నా పలక మీద దించడం, అందరూ నవ్వినప్పుడు ఒక క్షణం ఆలస్యంగా నేనూ నవ్వడం, టీచరు కళ్ళు నా మీదికి రాకముందే తల వంచుకోవడం. రెండు భాషల నడుమ పెరిగిన పిల్లలకు ఇది తొందరగా వస్తుంది. ఇప్పుడు నా తరగతిలో ఆ ముఖాలను చూడగానే గుర్తుపడతాను. ఎక్కువ ఇబ్బందిలో ఉన్న పిల్ల అల్లరి చేసే పిల్ల కాదు. అస్సలు అల్లరి చెయ్యని పిల్ల.

తరువాత తెలుగు చదవడం నేనే నేర్చుకున్నాను. మా మామయ్య ఆదోని నుంచి తెలుగులో ఉత్తరాలు రాసేవాడు. వాటిని చదివిపెట్టమని ఎవరినో ఒకరిని బతిమాలవలసి వచ్చేది. అది నాకు గిట్టలేదు. ఒకే నెల తెలుగు చందమామ, కన్నడ చందమామ రెండూ పక్కపక్కన పెట్టుకున్నాను. అవే కథలు, అవే బొమ్మలు. మన రెండు లిపులూ అక్కచెల్లెళ్ళే గనుక, తలకట్టు తేడా, నాలుగైదు అక్షరాల తేడా పట్టుకుంటే చాలు. నెలా నెలన్నరలో మామయ్య ఉత్తరం నేనే చదివాను. "ఎవరూ నేర్పలేదు, నేనే నేర్చుకున్నాను" అని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. అయితే ఆ రెండు చందమామలు నా చేతికి ఎట్లా వచ్చాయి? బస్టాండు దగ్గర క్షౌరశాల నడిపే ఆయన పాతవి పారెయ్యకుండా నాకోసం దాచిపెట్టేవాడు. ఆ సంగతి నా కథలోంచి ఎప్పుడు జారిపోయిందో నాకే తెలియదు.

బి.ఇడి. అయ్యాక ఉద్యోగం వచ్చింది. నేనున్న బడిలో పిల్లలు సగానికి పైగా ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే. రెండు భాషలూ బాగా వచ్చిన టీచరు అప్పట్లో నేనొక్కదాన్నే. అందుకని తల్లిదండ్రులతో మాట్లాడాలంటే నేనే. బ్యాంకు ఖాతా ఫారాలు నేనే. పిల్లల వివరాలు కంప్యూటరులో ఎక్కించడం, స్కాలర్‌షిప్పు కాగితాలు, బిసియూట లెక్కలు, జ్వరమొచ్చిన పిల్లను ఆసుపత్రికి తీసుకుపోవడం, అన్నీ నేనే. ఎవరూ నా నెత్తిన పెట్టలేదు. నేనే పెట్టుకున్నాను. ధారవాడ వైపు నుంచి వచ్చిన సహోపాధ్యాయుడొకరు ఉండేవారు. ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు. ఆయన తరగతి పిల్లల తల్లులు వస్తే నేనే పోయి మాట్లాడి పంపేదాన్ని. ఆయనకేమో కంప్యూటరు కొట్టినపిండి. నేను ఒక్క వేలితో అక్షరం అక్షరం వెతుక్కుంటూ రాత్రి పదకొండింటిదాకా కూర్చునేదాన్ని. ఆయనను ఒక్క మాట అడగలేదు. అడిగితే ఏమనుకుంటారో అని కాదు. నాకు అడగాలని తట్టనే లేదు. పొద్దున ఎర్రబడ్డ కళ్ళతో బడికి పోతే అదొక గర్వం.

ఇక అసలు సంగతి. 2018 మొదటి నెలలు. మా అయిదో తరగతిలో ఒక ఆడపిల్ల ఉండేది. పేరు చెప్పను. నోటిలెక్కల్లో ఆ పిల్లకు సాటి లేరు. సంతలో వాళ్ళమ్మ మిరపకాయలు తూకం వేయిస్తుంటే, అంగడాయన కాగితం తీసేలోపల ఈ పిల్ల సొమ్మెంతో చెప్పేది. తల్లిదండ్రులు ప్రతి ఏడూ సంక్రాంతి వెళ్ళాక గుంటూరు వైపు మిరప కోతలకు పోయి, ఎండలు ముదిరాక తిరిగొస్తారు. పిల్ల నాయనమ్మ దగ్గర ఉండేది. ఆ ఏడు ఆరో తరగతి గురుకుల పాఠశాల ప్రవేశ పరీక్షకు మా బడి నుంచి అయిదుగురి దరఖాస్తులు పంపాలనుకున్నాను. ఆరో తరగతిలో సీటొస్తే పదో తరగతిదాకా అక్కడే తిండి, అక్కడే బడి. వలసకు వెనకాల తిరగవలసిన పని లేదు.

నలుగురివి పూర్తి చేశాను. ఈ పిల్ల ఆదాయ ధృవపత్రం ఆలస్యంగా చేతికొచ్చింది. ఇంకా మూడు రోజుల గడువుంది. కాగితాలన్నీ నా సంచిలో పెట్టుకొని బళ్ళారిలో మా ఇంటికి వచ్చాను. ఆ రాత్రే నాకు విపరీతమైన జ్వరం, కీళ్ళ నొప్పులు. మంచం మీది నుంచి లేవలేకపోయాను. ఫోను తలాపునే ఉంది. ధారవాడ మాస్టరు ప్రతి సాయంత్రం మా వీధి మలుపులోనే బస్సు దిగుతారు. ఆయన సంచిలో ల్యాప్‌టాప్ ఉంటుంది. "సార్, ఒక్కసారి ఇంటికి రండి, ఈ కాగితాలు తీసుకుపోండి" అంటే సరిపోయేది. ఆ ఒక్క వాక్యం నేను అనలేదు. రేపటికి తగ్గుతుంది, నేనే చేస్తాను అనుకున్నాను. మర్నాడూ అట్లాగే అనుకున్నాను. మూడో రోజు సాయంత్రం గడువు దాటిపోయింది.

వారం తరువాత బడికి పోయి మాస్టరుగారితో ఈ సంగతి చెప్పాను. ఆయన కోప్పడలేదు. కాసేపు మాట్లాడకుండా ఉండి, "నీవు కేళలే ఇల్లవల్ల, మేడం" అన్నారు. మీరు అడగనే లేదు కదా అని. ఒకటో తరగతిలో నాకు అర్థం కాని ఆ మాటే, నలభై ఏళ్ళ వయసులో మళ్ళీ చెవిన పడింది.

పిల్ల తండ్రికి చెప్పడం ఇంకా కష్టమైంది. "పోనీలే మేడమ్మా, మీరేం కావాలని చేసినారా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. పరీక్ష లేదు గనుక పిల్లను ఇక్కడ ఉంచడం దేనికని, ఆ ఏడు తమతో పాటు మిరప కోతలకు తీసుకుపోయారు. మే నెలలో తిరిగొచ్చినప్పుడు ఆ పిల్ల చేతులు చూశాను. రోజంతా మిరపకాయలు తుంచిన చేతులు ఎట్లుంటాయో చూసినవాళ్ళకు చెప్పనక్కర లేదు. ఆ చేతులతో కళ్ళు తుడుచుకోవడానికి కూడా వీలుండదు. ఆరో తరగతికి మా బడికే వచ్చింది. గురుకులంలో సీటు మళ్ళీ రాదు. ఆ ప్రవేశం ఆ తరగతికే.

ఆ ఎండాకాలమంతా ఈ విషయమే నన్ను పట్టుకుంది. జూన్‌లో బడి తెరిచాక ఒకరోజు చిన్న తరగతుల గది గుమ్మంలో నిలబడ్డాను. మా కర్ణాటకలో చిన్న తరగతులకు నలి-కలి అనే పద్ధతి ఉంది. ఆనందంగా నేర్చుకో అని ఆ మాటకు అర్థం. 1995 ప్రాంతంలో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె తాలూకా టీచర్లు, మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ వాళ్ళు పల్లె బడుల్లో చేస్తున్న పని స్వయంగా చూసి వచ్చి, తమ పిల్లలకు తగ్గట్టు మార్చుకొని మొదలుపెట్టారు. 2009-10 తరువాత అది రాష్ట్రమంతటా ప్రభుత్వ బడులకు వచ్చింది. తెలుగు నేల మీద పుట్టిన ఆలోచనను కన్నడ టీచర్లు అడిగి తెచ్చుకున్నారన్నమాట. దాన్ని తెచ్చుకున్నందుకు వాళ్ళేమీ చిన్నవాళ్ళు కాలేదు.

ఆ గదిలో పిల్లలు వరుసల్లో కూర్చోరు. తట్టెలు అనే గుంపులుగా కూర్చుంటారు. ఒక గుంపుకు టీచరు పూర్తిగా సాయం చేస్తుంది, ఇంకో గుంపుకు కొంత చేస్తుంది. ఒక గుంపు తోటిపిల్లల సాయంతో నేర్చుకుంటుంది. మరొక గుంపు తనంతట తానే చేసుకుంటుంది. గమనించవలసింది ఏమంటే, ఏ పిల్లా ఎప్పుడూ ఒకే గుంపులో ఉండిపోదు. ఒక మెట్టు దాటి కొత్త పాఠం రాగానే, నిన్న సొంతంగా చేసుకున్న పిల్లే ఈవేళ మళ్ళీ టీచరు పక్కకు వచ్చి కూర్చుంటుంది. అందులో నామోషీ ఏమీ లేదు. నేనున్న ఆ కాసేపట్లోనే ఒక చిన్నపిల్లవాడు లేచి పక్క గుంపుకు పోయి, "ఇది నాకు రాలేదు, చెప్పవే" అన్నాడు. ఆ పిల్ల తలైనా ఎత్తకుండా చెప్పి పంపింది. అతను వెనక్కు పోయాడు, ఆమె తన పని తాను చేసుకుంది. అంతే. ఇరవై సెకండ్ల పని. నాకు జ్వరంలో మూడు రోజులు పట్టినా చేతకాని పని.

నలి-కలి గదిలో అన్నీ బాగున్నాయని కాదు. కార్డులు చిరిగిపోతాయి, టీచర్లు చాలరు, ఆ గది మీద మాలోనే ఎన్నో వాదాలున్నాయి. కాని అడగడాన్ని రోజువారీ పనిగా పెట్టిన గది నాకు తెలిసినంతలో అదొక్కటే.

అక్కడ నిలబడే నాకు మన తెలుగు మాట తట్టింది. కన్నడంలో అడగడానికీ వినడానికీ ఒకటే మాట. మనకు అడగడానికీ కాలితో వేసే అడుగుకూ ఒకటే మాట. వ్యాకరణపరంగా ఈ రెండు అడుగులకూ చుట్టరికం ఉందో లేదో పండితులు తేల్చాలి. నాకు మాత్రం ఆ పూట ఉన్నట్టే అనిపించింది. నేను ఆ అడుగు వేయవలసిన రోజు ఆర్నెల్లలో వచ్చింది.

మళ్ళీ సంక్రాంతి దగ్గర పడింది. ఆ పిల్ల నాయనమ్మకు కళ్ళు కనిపించడం మానేశాయి. ఇక పిల్లను ఒంటరిగా వదిలే వీలు లేదు, మాతో తీసుకుపోతామన్నాడు తండ్రి. నాలుగు నెలలు పిల్లను పెట్టుకొనే ఇల్లొకటి కావాలి. మా ఇంటికి తీసుకుపోదామనుకున్నాను. బళ్ళారి నుంచి రోజూ బస్సులో తేవాలి, తల్లిదండ్రులు ఊరు దాటించి పంపడానికి ఒప్పుకోరు. అంటే, నావల్ల కాదు. ఈ మూడు ముక్కలు నాకు నేను చెప్పుకోవడానికే రెండు రోజులు పట్టింది.

మా బడిలో బిసియూట వండే ఆమె ఒకావిడ ఉంది. ఆవిడ ఇల్లు బడికి నాలుగిళ్ళ అవతల. ఒక మధ్యాహ్నం గిన్నెలు కడుగుతుంటే పోయి పక్కన నిలబడ్డాను. గొంతు పెగల్లేదు. ఏదో బియ్యం లెక్క అడిగి వచ్చేశాను. మర్నాడు మళ్ళీ పోయాను. ఈసారి అడిగేశాను. "అక్కా, ఈ పిల్లను నాలుగు నెలలు మీ ఇంట్లో పెట్టుకుంటావా? ఖర్చు నేనిస్తాను. నావల్ల అయ్యేది కాదు, అందుకే నిన్ను అడుగుతున్నా" అన్నాను.

ఆవిడ చేతులు తుడుచుకొని నా ముఖం వంక చూసింది. "ఈ మాటకు నిన్నట్నుంచి తిరుగుతాండావా మేడమ్మా?" అంది. "ఖర్చు గిర్చు మాట ఎత్తద్దు. మా మనవనికి అచ్చరాలు దిద్దించింది ఎవురు? మా ఇంటాయప్పకు పింఛిని కాయితం రాసిచ్చింది ఎవురు? మీకు తిరిగి ఒక పని చేసిపెడదామంటే ఏ పొద్దన్నా అడగనిస్తివా? ముయ్యాళ్ళకు పోయినట్టు అనుకో."

ముయ్యాళ్ళంటే మా వైపు రైతులకు చెప్పనక్కర లేదు. వేరే చోట్ల వింటున్నవాళ్ళ కోసం చెబుతాను. కలుపుకో కోతకో ఈరోజు నేను నీ చేనుకు వస్తాను, నీవు ఇంకో రోజు నా చేనుకు రావాలి. కూలి లేదు, కొలత లేదు. ఆ మాట మా వాళ్ళ తెలుగులోనూ పక్కింటి కన్నడంలోనూ ఒకటే. చేసిన సాయానికి బదులు చేసే వీలుండాలి, అది దాని ధర్మం. నేనేమో పదేళ్ళుగా అందరి చేలల్లో పనిచేస్తూ, నా చేలో ఎవరినీ అడుగు పెట్టనివ్వలేదు. అది త్యాగమనుకున్నాను. వాళ్ళ వైపు నుంచి చూస్తే అది అవమానం. మీ దగ్గర నాకు పనికివచ్చేదేదీ లేదు అని చెప్పకుండానే చెప్పినట్టు. ఇచ్చే చెయ్యి ఎప్పుడూ పైనే ఉండాలనుకోవడంలో ఎంత అహంకారముందో ఆ గిన్నెల దగ్గర నాకు తెలిసింది.

పిల్ల ఆ ఏడు ఊళ్ళోనే ఉంది. పై ఏడూ ఉంది. 2020లో కరోనా వచ్చి బడులు మూతపడ్డప్పుడు, పిల్లల దగ్గరికే పోయి పాఠాలు చెప్పాలని విద్యాగమ కార్యక్రమం పెట్టారు. అప్పటికి నాకు నోరు కొంచెం అలవాటైంది. గుడి అరుగు అడిగాను, ఇచ్చారు. కాలేజీలు మూసి ఖాళీగా ఉన్న ఇద్దరు కుర్రాళ్ళను లెక్కలు చెప్పమని అడిగాను, ఒకడు వచ్చాడు, ఇంకొకడు రాలేదు. రానందుకు నేనేమీ చచ్చిపోలేదు. ఇది కూడా నేర్చుకోవలసిన విషయమే. కాదనే హక్కు అవతలివాళ్ళకు ఉన్నప్పుడే అది సాయం. లేకపోతే అది వెట్టి.

ఇదంతా ఒక పంతులమ్మ సొంత గొడవ అనుకోకండి. మన ప్రాంతం మొత్తం ఒకసారి ఇదే చూసింది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ నంబరు గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. మీకు గుర్తుండే ఉంటుంది, ఆ వారం మనలో ఎవరూ సరిగా నిద్రపోలేదు. మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వాలు కలిసి 1945లో మొదలుపెట్టి కట్టించిన ఆనకట్ట అది. 1953 నుంచి బళ్ళారి, రాయచూరు, కొప్పళ వైపూ, కర్నూలు, అనంతపురం వైపూ అందరం ఆ నీళ్ళ మీదే బతుకుతున్నాం. గేట్లు 33. ఒకటి పోతే దాని చోట తాత్కాలికంగా దించడానికి స్టాప్‌లాగ్ అనే ఇనుప పలకలుంటాయి. ఈ ఆనకట్టలో ఆ ఏర్పాటే లేదు. ఏ గేటుకా గేటు, దాని గొలుసు మీదే. గొలుసు గట్టిగా ఉన్నన్నాళ్ళూ ఎవరికీ అనుమానం రాలేదు. అది తెగాక, మిగతా గేట్ల మీద ఒత్తిడి తగ్గించడానికి వాటినీ ఎత్తి, నిల్వ ఉన్న నీళ్ళను నదిలోకి వదలవలసి వచ్చింది.

అప్పుడు ఏం చేశారు? మా ఆనకట్ట మేమే చూసుకుంటాం అని కూర్చోలేదు. గేట్ల పనిలో తలపండిన తెలుగు ఇంజనీరు కన్నయ్య నాయుడుగారిని పిలిపించారు. డెబ్భై ఏళ్ళు దాటిన మనిషి. పారే నీటిలోనే స్టాప్‌లాగ్‌లు దించవచ్చని ఆయన ముందుకొచ్చారు. చుట్టుపక్కల కర్మాగారాల్లో రాత్రింబవళ్ళు పలకలు తయారు చేశారు. మొదట దించబోతే కుదరలేదు. అడ్డం వచ్చినవాటిని తొలగించి మళ్ళీ ప్రయత్నించారు. వారం తిరిగేసరికి అయిదు పలకలూ దిగి, నీళ్ళు ఆగాయి. ఆ రోజు గట్టు మీద ఏ భాషవాళ్ళు ఏ భాషలో చప్పట్లు కొట్టారో ఎవరూ లెక్క పెట్టలేదు.

ఆ వార్త వింటుంటే, జ్వరంలో నేను పడుకున్న ఆ మూడు రోజులు గుర్తొచ్చాయి. ఒకే గొలుసు మీద ఆధారపడ్డ గేటును నేను. నా వెనక నిలబడేదేదీ నేనే పెట్టుకోలేదు.

చాలామంది చెల్లెళ్ళు, తమ్ముళ్ళు నన్ను అడుగుతుంటారు. "మేడం, ఎట్లా అడగాలి? మొహమాటం కదా" అని. నా అనుభవంలో మొహమాటం పెరిగేది ఆలస్యం వల్ల. గడువు మూడు రోజులున్నప్పుడు అడిగితే అది మామూలు మాట. మూడు గంటలున్నప్పుడు అడిగితే ప్రాధేయపడటం. ఇంకోటి, "కొంచెం చూసుకోండి సార్" అని గాలిలో అనేస్తే ఎవరూ ఏదీ చూసుకోరు. ఏ పని, ఏ రోజుకు, ఎంతసేపు పడుతుంది, స్పష్టంగా చెబితే అవతలివాళ్ళకు ఔననడమైనా కాదనడమైనా సులభం. అడిగి అప్పగించాక మళ్ళీ భుజం మీద నుంచి తొంగిచూడకూడదు. ఇది నాకు ఇప్పటికీ కష్టమే, ఒప్పుకుంటాను. ధారవాడ మాస్టరు నా తరగతి జాబితాలు కంప్యూటరులో ఎక్కించడం మొదలుపెట్టిన మొదటి నెల, ఆయన వెళ్ళాక నేను మళ్ళీ తెరిచి అన్నీ సరిచూసేదాన్ని. ఒకరోజు పట్టుబడ్డాను. ఆయన నవ్వి, "తప్పులు దొరికాయా?" అన్నారు. దొరకలేదు. నేను ఎక్కించినవాటిలో నాలుగు తప్పులు ఆయన ఎప్పుడో దిద్ది, చెప్పకుండా ఊరుకున్నారట.

అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అని మనకొక సామెత ఉంది. ఊరికే ప్రశ్నలు వేసి విసిగించేవాళ్ళ గురించి పుట్టిన మాట అది. మనం మాత్రం దాన్ని తిరగేసి, అడిగేవాడే లోకువ అని మనసులో రాసుకున్నాం. ముఖ్యంగా ఆడవాళ్ళం. ఇంటి పని, బయటి పని, పిల్లల చదువు, అత్తమామల మందులు, అన్నీ ఒంటి చేత్తో మోసే ఇల్లాలిని మెచ్చుకుంటాం. ఆ మెచ్చుకోలులో ఒక మోసం ఉంది. మెచ్చుకుంటున్న చేతులు రెండూ ఖాళీగానే ఉంటాయి కదా! ఇది మా ఇంటాయన కూడా వింటున్నాడని తెలిసే చెబుతున్నాను. ఆయన ఇప్పుడు పొద్దున చారు పెడతాడు. ఉప్పు కొంచెం ఎక్కువ. నేనేమీ అనను.

మా అమ్మకు ఇప్పుడు ఎనభై దగ్గర పడుతున్నాయి. మోకాళ్ళు పట్టేశాయి. స్నానానికి చెయ్యి పట్టుకుంటానంటే ఇంకా విదిలించుకుంటుంది. ఆమెను నేను మార్చలేను, మార్చాలనీ లేదు. స్నానాల గది గోడకు ఇనుప కడ్డీ ఒకటి కొట్టించాను. దాన్ని పట్టుకొని నడుస్తుంది. కడ్డీకి ఋణపడనక్కర లేదు కదా అంటుంది.

ఆ పిల్ల సంగతి చెప్పి ముగిస్తాను. గురుకులం పోయింది, మధ్యలో కరోనా రెండేళ్ళు తినేసింది. అయినా హైస్కూలు పూర్తిచేసి, పి.యు.సి. దాటి, ఇప్పుడు బళ్ళారిలో డిగ్రీ చదువుతోంది. గురుకులానికి పోయి ఉంటే ఇంకా ఎక్కడుండేదో నాకు తెలియదు. ఆ లెక్క నా దగ్గరే ఉండిపోతుంది. పోయిన నెల ఫోను చేసింది. "మేడం, ఒక సాయం కావల్ల. నాయనమ్మ పెట్టెలో మా తాత రాసిన జాబులు దొరికినాయి. అన్నీ తెలుగులో ఉండాయి. నాకు మాట్లాడేది వస్తాది గాని చదివేది రాదు. నేర్పిస్తారా?" అంది. ఎంత తేలిగ్గా అడిగింది!

ఆదివారం రమ్మన్నాను. వచ్చేటప్పుడు కొంచెం తొందరగా రా, నా ఫోనులో కన్నడం అక్షరాలు ఎక్కడికో పోయినాయి, అవి వెతికిపెట్టాలి అని కూడా చెప్పాను. అటక మీద నుంచి రెండు పాత చందమామలు దించి, దుమ్ము దులిపి, కిటికీ దగ్గర పెట్టాను.